ముఖ్యమంత్రి గారూ, మా పిల్లల మెమోలు కాలేజీ బీరువాలోనే ఉన్నాయి

గౌరవనీయులైన ముఖ్యమంత్రి గారికి,

విద్యాశాఖ కూడా మీ దగ్గరే ఉంది కాబట్టి పేద పిల్లల కాలేజీ ఫీజు ప్రభుత్వమే కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ స్కీమ్ బకాయిల గురించి నేరుగా మీకే రాస్తున్నా సార్. నేను దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక ప్రైవేట్ డిగ్రీ కాలేజీలో పదకొండేళ్ల నుంచి కామర్స్ చెప్తున్నాను.

మొన్న మంగళవారం మా ఆఫీస్ కౌంటర్ దగ్గర నా స్టూడెంట్ ఒకమ్మాయి నిలబడి ఉంది, పక్కన వాళ్ల నాన్న, ఆటో గేటు బయట పెట్టి ఖాకీ చొక్కాతోనే వచ్చిండు. బీకాం అయిపోయింది, హైటెక్ సిటీలో జాబ్ వచ్చింది, ఒరిజినల్ మెమోలు, టీసీ కావాలి. క్లర్క్ రిజిస్టర్ తిప్పి "రీయింబర్స్‌మెంట్ పడలేదమ్మా, 27 వేలు డ్యూ ఉంది, కట్టి తీస్కపో, గవర్నమెంట్ పైసలు పడ్డంక వాపస్ ఇస్తం" అన్నాడు. ఆ తండ్రి ఏం మాట్లాడలేదు, జేబులోంచి మడతపెట్టిన ఇన్‌కమ్ సర్టిఫికెట్ తీసి కౌంటర్ మీద పెట్టిండు, అంతే.

సార్, ఆ కాగితం తహసీల్దార్ ఆఫీస్ ఇచ్చిందే. ఈ ఇంటి ఆదాయం ఏడాదికి 2 లక్షల లోపే అని ప్రభుత్వమే రాసిచ్చింది, స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో అప్లికేషన్ తీసుకుంది, మీసేవలో వేలిముద్ర కూడా వేయించుకుంది, ఇంత చేసి ఆఖరికి ఆ ఫీజు భారం మళ్లీ ఆ ఇంటి మీదనే పడితే వాళ్లు ఎక్కడికి పోవాలి? వడ్డీకి తెచ్చుడే. నేను కూడా 2008 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఈ స్కీమ్ మీదనే ఎంకాం దాకా చదివా, అది లేకపోతే నేను ఇంటర్‌తోనే ఆగిపోయేవాడిని, అందుకే ఇంత బాధ.

మేనేజ్‌మెంట్ వాళ్లనే తిడదామంటే వాళ్ల కష్టమూ కళ్లముందే ఉంది, బిల్డింగ్ కిరాయి ఆగదు కదా. మాకు మూడు నెలల నుంచి జీతాల్లేవు. ఇద్దరు మంచి లెక్చరర్లు కోచింగ్ సెంటర్లకు వెళ్లిపోయారు, వాళ్ల క్లాసులు కూడా నేనే తీసుకుంటున్నా, కాస్ట్ అకౌంటింగ్ నా సబ్జెక్ట్ కాదు, రాత్రి చదువుకుని పొద్దున చెప్తున్నా, పిల్లలకు న్యాయం చేయట్లేదని నాకే తెలుస్తుంది. 2025 నవంబర్‌లో ఈ బకాయిల కోసం ప్రైవేట్ కాలేజీలు బంద్ పెట్టినప్పుడు కొంత కదలిక వచ్చింది, కానీ ప్రతిసారీ బంద్ పెడితేనే ఫైల్ కదలాలంటే మధ్యలో పోయేది పిల్లల క్లాసులే.

నేను అడిగేది ముందు ఒక్కటే సార్. బకాయిలు మొత్తం ఒకేసారి ఇవ్వలేకపోతే సెమిస్టర్‌కు ఇంత అని తేదీ చెప్పి ఇవ్వండి, కానీ సర్టిఫికెట్లు మాత్రం ఈలోపు ఆపొద్దని గట్టిగా ఆర్డర్ ఇవ్వండి. ఒరిజినల్స్ కాలేజీలు దగ్గర పెట్టుకోవద్దని దేశంలో యూనివర్సిటీలు, కాలేజీలకు రూల్స్ పెట్టే యూజీసీ 2018లోనే చెప్పింది, మా కౌంటర్ దాకా అది రాలేదు. ఫైనల్ ఇయర్ అయిపోయినవాళ్ల డబ్బులు ముందు రిలీజ్ చేసినా చాలామంది బయటపడతారు.

ఆ అమ్మాయి జాయినింగ్ వచ్చే సోమవారం.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ లెక్చరర్, హైదరాబాద్