బేరియాట్రిక్ ఆపరేషన్ తర్వాత రోగిని ఒంటరిగా వదిలేయకండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

బరువు తగ్గేందుకు బేరియాట్రిక్ శస్త్రచికిత్స చేయించుకున్నవాళ్లం, చేయించుకోబోయేవాళ్లకు తోడుగా నిలుస్తున్నవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మేం ముఖ్యంగా అడిగేది ఒక్కటే. ఈ ఆపరేషన్ చేసే ప్రతి దవాఖానలో, అది సర్కారుదైనా ప్రైవేటుదైనా, పాత రోగులు కొత్తవారికి దారి చూపే సహాయ బృందం ఉండాలి. ఆ బృందాన్నీ, కనీసం ఐదేళ్ల తదుపరి వైద్యాన్నీ ఆపరేషన్‌లో భాగంగానే లెక్కగట్టాలి. ఆపరేషన్ ఖర్చును ప్రభుత్వం భరించాలా వద్దా అన్నది వేరే చర్చ, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు.

అవసరం ఎంతుందో మీ శాఖకు తెలియనిది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 30.1 శాతం మహిళలు, 32.3 శాతం పురుషులు అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. వీరందరికీ కత్తి అవసరం లేదు. కానీ తీవ్రమైన ఊబకాయంతో పాటు షుగరు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవారికి ఈ శస్త్రచికిత్స నిజంగా పనిచేస్తుంది. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 40 దాటినవారికి, లేదా 35 దాటి తీవ్రమైన అనుబంధ జబ్బులున్నవారికి, కొన్ని షరతులతో ఆరోగ్య బీమా కూడా వర్తిస్తోంది. అయితే బీమా చెల్లించేది ఆస్పత్రి బిల్లుకే. ఆ తర్వాత జీవితాంతం వేసుకోవాల్సిన మాత్రలు, ఏటా చేయించాల్సిన రక్తపరీక్షలు చాలావరకు సొంత జేబు నుంచే. అందుకే రెండో ఏడాదికల్లా చాలామంది పరీక్షలు మానేస్తారు. కష్టాలు మొదలయ్యేదీ అప్పుడే.

జనంలో దీనికి "కొవ్వు తీసే ఆపరేషన్" అన్న పేరు పడిపోయింది. కొవ్వు తీసేది లైపోసక్షన్, దీనికీ దానికీ సంబంధం లేదు. స్లీవ్ పద్ధతిలో కడుపులో సుమారు 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు, అది మళ్లీ రాదు. గ్యాస్ట్రిక్ బైపాస్ అనే ఇంకో పద్ధతిలో దాదాపు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి మిగిల్చి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. ఆకలి, అరుగుదల, మందులు ఒంటికి పట్టే తీరు అన్నీ మారిపోతాయి. ఈ తేడా తెలియకుండానే సంతకం పెట్టేవాళ్లు ఉన్నారు. ముందే ఆపరేషన్ అయినవారితో ఒక్క గంట కూర్చుంటే ఇది అర్థమవుతుంది. గుండెల్లో మంట ఎక్కువగా ఉన్నవారికి స్లీవ్ తర్వాత అది ముదరవచ్చని, ఆ సంగతి సర్జన్‌ను ముందే అడగాలని కూడా అక్కడే తెలుస్తుంది. ఆపరేషన్‌కు రెండు వారాల ముందు నుంచి అన్నం, చపాతీ తగ్గించి తక్కువ కేలరీల ఆహారం తీసుకోమనేది శిక్షగా కాదు. కాలేయంలో కొవ్వు తగ్గితే అది కుంచించుకుని, కెమెరాకు, పరికరాలకు కడుపు అందుతుంది. కారణం చెబితే ఆ పత్యం పాటిస్తారు. చెప్పకపోతే ఆపరేషన్ ముందు రాత్రి బిర్యానీ తినేస్తారు.

ఇక తిండి సంగతి. ఆస్పత్రి ఇచ్చే డైట్ కాగితంలో "క్లియర్ లిక్విడ్స్, ఫుల్ లిక్విడ్స్, ప్యూరీ" అని ఉంటుంది. వంట చేసే అమ్మకో అత్తమ్మకో అది అర్థం కాదు. మన వంటింటి మాటల్లో చెప్పాలంటే, మొదటి ఒకటి రెండు రోజులు నీళ్లు, వడకట్టిన పల్చటి మజ్జిగ, పప్పు మీది తేట. అదీ 15 నుంచి 30 మిల్లీలీటర్ల చొప్పున, పది పదిహేను నిమిషాలకోసారి. మందు సీసాతో వచ్చే చిన్న కప్పు ఇందుకు సరిగ్గా సరిపోతుంది. ఆ తర్వాత రెండు వారాల దాకా పాలు, మజ్జిగ, పెసరకట్టు, డైటీషియన్ చెప్పిన ప్రొటీన్ పొడి. మూడు, నాలుగు వారాల్లో మెత్తగా రుబ్బిన పప్పు, గిలకొట్టి ఉడికించిన గుడ్డు, పెరుగు. ఐదో వారం నుంచి మెత్తటి చేప, పనీర్, బాగా ఉడికిన కూరగాయలు. మామూలు తిండికి రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మీ సర్జన్ చెప్పిన లెక్క వేరుగా ఉంటే దాన్నే పాటించాలి.

ఇక్కడ ఎక్కువమంది పొరబడేది రాగి జావ దగ్గర. బలమని గ్లాసులకు గ్లాసులు తాగిస్తారు. రెండు చెంచాల పిండితో కాచిన జావలో దొరికే ప్రొటీన్ ఒకటి రెండు గ్రాములే. రోజుకు కావాల్సింది కనీసం 60 గ్రాములు. కొబ్బరి నీళ్లు, పళ్లరసాల సంగతీ అంతే. కడుపు పట్టేదే గుప్పెడు, అందులో మూడొంతులు జావే నిండితే కండ కరుగుతుంది. మామూలు తిండికి వచ్చాక మూడు గుడ్లు, 100 గ్రాముల చేప, చిన్న గిన్నెడు గట్టి పప్పు, 200 గ్రాముల పెరుగు, గ్లాసు పాలు కలిస్తే దాదాపు 60 అవుతుంది. గుడ్డు కూడా ముట్టనివారికి పొడి లేకుండా ఆ లెక్క అందడం చాలా కష్టం.

గొంతులో, గుండె కింద పట్టేసేవి ఏవో కూడా అనుభవమున్నవారే చెప్పగలరు. ముద్ద కట్టిన అన్నం, ఎండిన చపాతీ, బ్రెడ్డు, గట్టి మటన్ ముక్క, కొబ్బరి పీచు. ముద్ద బఠాణీ అంత ఉండాలి, ఇరవైసార్లకు పైగా నమలాలి, భోజనం అరగంట సాగాలి. తింటూ నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. అన్నంలో చారు పోసుకుని జుర్రుకునే అలవాటున్న మనకు అన్నిటికన్నా కష్టమైన నియమం ఇదే. దీన్ని దాటడానికి మిగతా రోజంతా గుక్కగుక్కగా లీటరున్నర నుంచి రెండు లీటర్ల నీళ్లు పూర్తి చేసుకోవాలి. మొదటి నెలలో మళ్లీ ఆస్పత్రిలో చేరేవారిలో చాలామందికి అసలు సమస్య నీరు చాలకపోవడమే. బైపాస్ అయినవారు మిఠాయి తింటే పది నుంచి ముప్పై నిమిషాల్లో గుండెదడ, చెమట, విరేచనం రావచ్చు. కొందరికి రెండు మూడు గంటల తర్వాత షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి. దీనికి మళ్లీ చక్కెర తినడం పరిష్కారం అనుకుంటే అదే చక్రం తిరుగుతూ ఉంటుంది. ఆ క్షణానికి చక్కెర అవసరమే కానీ, వెంటనే ప్రొటీన్ కూడా తినాలి, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

మంత్రి గారూ, ఈ లేఖలో మీరు ఒక్క పేరానే చదవగలిగితే ఇది చదవండి. ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు ఆగని వాంతులతో ఉన్న మనిషిని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరకో, దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో తీసుకెళ్తారు. నీరసంగా ఉన్నాడని గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తారు. థయమిన్ అనే బీ1 విటమిన్ నిల్వ ఒంట్లో రెండు మూడు వారాలకు మించి ఉండదు. వాంతులతో అది అడుగంటి ఉన్నప్పుడు గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. దీన్ని వెర్నికె ఎన్‌సెఫలోపతీ అంటారు. నడకలో తూలడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట తడబడి మనుషుల్ని పోల్చుకోలేకపోవడం దీని గుర్తులు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. ఆపడం చాలా తేలిక. ముందు థయమిన్ ఇంజెక్షన్, ఆ తర్వాతే గ్లూకోజ్. అప్పటిదాకా మామూలు సెలైన్. ఈ ఇంజెక్షన్ ఖరీదైనదేమీ కాదు. ప్రతి పీహెచ్‌సీలో, బస్తీ దవాఖానలో, 108 సిబ్బంది చేతిలో ఈ ఒక్క వాక్యం ఉన్న ఉత్తర్వు ఉంటే మనుషులు మిగులుతారు.

అలాగే మొదటి రెండు మూడు వారాల్లో నాడి 120 దాటి కొట్టుకోవడం, జ్వరం, ఎడమ భుజం నొప్పి, ఆయాసం కనిపిస్తే కుట్ల దగ్గర లీకు అయి ఉండవచ్చు. పిక్కలో నొప్పి, వాపు ఉంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. వీటిని గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకూడదు. ఆపరేషన్ చేసిన చోటికే, రాత్రయినా సరే, వెళ్లాలి. బైపాస్ అయినవారికి నెలల తర్వాత, ఏళ్ల తర్వాత కూడా మెలిపెట్టే కడుపునొప్పి వస్తే పేగు లోపల ఇరుక్కుని ఉండవచ్చు. పాత ఆపరేషన్ సంగతి చెప్పి సీటీ స్కాన్ అడగాలి.

ఆపరేషన్ సంగతి తెలియని డాక్టరు చేతిలో జరిగే పొరపాట్లు ఇంకా ఉన్నాయి. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రాస్తే బైపాస్ కుట్టు దగ్గర పుండు పడి రక్తస్రావం కావచ్చు. పారాసిటమాల్ సరిపోతుంది. పాత మోతాదులోనే ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ కొనసాగిస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణులందరికీ మన దవాఖానల్లో 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి షుగరు పరీక్ష చేస్తారు. బైపాస్ అయిన మహిళకు అది తాగిస్తే కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఆమెకు వేలి రక్తంతో వారం పాటు భోజనానికి ముందు, తర్వాత చూస్తే చాలు. అసలు ఆపరేషన్ అయ్యాక 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. బరువు తగ్గగానే నెలసరి కుదురుకుని గర్భం తొందరగా నిలుస్తుంది. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటపట్టకపోవచ్చు కాబట్టి కాపర్ టీ వంటిది మేలు. పెళ్లి కావాల్సిన అమ్మాయిలకూ, కొత్త కోడళ్లకూ ఈ మాట మగ డాక్టరు చెబితే తలవంచుకుని వింటారు, తిరిగి ప్రశ్న వేయరు. సాటి మహిళ చెబితే వేస్తారు.

మాత్రల విషయం క్లుప్తంగా. మల్టీవిటమిన్, కాల్షియం సిట్రేట్ రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు రెండు మూడు విడతల్లో, విటమిన్ డి, బీ12, ఐరన్. నెలసరి వచ్చే మహిళలకు, బైపాస్ అయినవారికి ఐరన్ 45 నుంచి 60 మిల్లీగ్రాములు అవసరం. కాల్షియానికీ ఐరన్‌కూ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి, ఐరన్ మాత్రను టీతో వేసుకోకూడదు. బీ12 మాత్రతో నిలబడకపోతే నెలకోసారి 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్. మూడో నెలలో జుట్టు ఊడటం మొదలైతే కంగారుపడి నూనెలు, క్యాప్సూళ్ల మీద వేలు పోస్తారు. ప్రొటీన్, ఐరన్ సరిగా అందుతుంటే చాలామందికి కొన్ని నెలల్లో అది తిరిగి వస్తుంది.

ఇవన్నీ డాక్టర్లు చెప్పలేరా అని మీరు అడగవచ్చు. చెబుతారు, కానీ డిశ్చార్జ్ రోజున పది నిమిషాల్లో, నొప్పిలో ఉన్న మనిషికి. ప్రశ్నలు పుట్టేది ఇంటికి వెళ్లాక. పెళ్లి భోజనాల్లో "కొంచెం తినమ్మా, ఏం కాదు" అని వడ్డిస్తుంటే ఏమనాలి? అయ్యప్ప మాల వేసుకుని ఒంటిపూట భిక్ష చేయవచ్చా? రంజాన్ ఉపవాసం ఎప్పటి నుంచి ఉండవచ్చు? మొదటి ఏడాది రెండూ వద్దు, ఆ తర్వాత డైటీషియన్‌తో మాట్లాడి. దావత్‌లో మందు? మొదటి ఏడాది అసలే వద్దు. బైపాస్, స్లీవ్ తర్వాత మద్యం తొందరగా తలకెక్కుతుంది, తిండి మీది యావ మందు మీదికి మళ్లినవారు ఉన్నారు. తమకు తాము హాని చేసుకునే ఘటనలు ఆపరేషన్ తర్వాత పెరిగినట్టు కెనడాలో జరిగిన ఒక అధ్యయనం చూపింది. వేలాడే చర్మం, "ఇంకా తగ్గలేదా" అనే చుట్టాలు, రెండేళ్లకు మళ్లీ పెరిగే ఐదారు కిలోలు మనిషిని లోపల్లోపల తినేస్తాయి. ఆపరేషన్ సంగతి అత్తింట్లో దాచిపెట్టిన ఆడవాళ్లకు చెప్పుకునే చోటే ఉండదు. మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం నడిపే 14416 టెలీ మానస్ నంబరు ప్రతి డిశ్చార్జ్ కాగితం మీద అచ్చువేయడానికి ఖర్చేమీ లేదు.

బృందం ఎలా ఉండాలో మాకు స్పష్టత ఉంది. నెలకోసారి, దవాఖానలోనే, తెలుగులో, ఉర్దూలో. ఆదిలాబాద్, ఖమ్మం నుంచి రాలేనివారికి వీడియోలో. వంట చేసే మనిషిని వెంట తెచ్చుకోవాలి. మొదటి అరగంట డైటీషియన్ ఉంటారు, ఆ తర్వాత రోగులు మాత్రమే. మహిళలకు విడిగా సమయం. తోడు నిలిచేవారు ఆపరేషన్ అయి కనీసం ఏడాది దాటినవారై, కొద్ది రోజుల శిక్షణ పొంది ఉండాలి. మందుల మోతాదు మార్చమని ఎవరూ ఎవరికీ చెప్పకూడదు, ప్రమాద గుర్తు వినగానే డాక్టరుకు ఫోన్ చేయడమే వారి పని. అక్కడ ప్రొటీన్ పొడులు అమ్మకూడదు. "ముందు, తర్వాత" ఫొటోలు ఆస్పత్రి ప్రకటనలకు వాడకూడదు. ఈ చివరి రెండూ రాతపూర్వకంగా లేకపోతే బృందం ఏడాదిలో మార్కెటింగ్ విభాగం అయిపోతుంది.

ఇది కొత్త ఆలోచనేం కాదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2014 మార్గదర్శకాల్లోనే కనీసం రెండేళ్ల తదుపరి వైద్యం, అందులో సాటి రోగుల బృందాల సమాచారం ఉండాలని చెప్పింది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచిన రాష్ట్రానికి ఇది పెద్ద భారం కాదు.

కాబట్టి మా విన్నపం ఇది. ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల్లో ముందుగా ఈ బృందాలు మొదలుపెట్టండి. ప్రైవేటు ఆస్పత్రులకు అనుమతి, రెన్యూవల్ ఇచ్చేటప్పుడు బృందం ఉందా, ఒకటి, మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆపై ఏటా రోగిని పిలుస్తున్నారా అని అడగండి. ఏటా అవసరమైన బీ12, విటమిన్ డి, ఐరన్ పరీక్షలు సర్కారు ల్యాబుల్లో ఉచితంగా చేయించండి. ప్రతి రోగి జేబులో పెట్టుకునేలా ఒక కార్డు ఇప్పించండి. అందులో ఏ ఆపరేషన్, ఏ తేదీ, సర్జన్ అత్యవసర నంబరు, "వాంతులుంటే గ్లూకోజ్ కంటే ముందు థయమిన్", "డైక్లోఫెనాక్ వద్దు", "ముక్కు గొట్టం సర్జన్‌ను అడగకుండా వేయవద్దు" అని తెలుగులో, ఇంగ్లిషులో ఉండాలి. కార్డు నమూనా తయారీకి, తోడు నిలిచేవారి శిక్షణకు మీ అధికారులు ఎప్పుడు పిలిచినా వచ్చి పనిచేస్తాం.

ఇట్లు,
బేరియాట్రిక్ శస్త్రచికిత్స చేయించుకున్నవారు, వారి కుటుంబ సభ్యులు
హైదరాబాద్