కోడి వ్యర్థాల బళ్ళు ఆపండి: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం. అర్జీలు పెట్టినా జవాబు రాలేదు కాబట్టి నలుగురూ చూసేలా ఇక్కడ రాస్తున్నానండి.

మేం కొల్లేరు పక్కన శీలావతి, బొచ్చె చేపలు పెంచే రైతులం. తవుడు, నూనె తీసిన చెక్క కలిపి చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి చెరువులో గెడలకి కట్టి మేపుతాం, పెట్టుబడిలో ఎక్కువ భాగం ఆ మేతకే పోద్ది. 2020 ఆక్వా చట్టం ప్రకారం లైసెన్సూ తీసుకున్నాం. పక్క చెరువుల్లో మాత్రం రాత్రిపూట వ్యాన్లలో కోడి పేగులు, ఈకలు తెచ్చి కుమ్మరిస్తున్నారు, వాళ్ళకి మేత ఖర్చు దాదాపు లేదు కాబట్టి రేటు తగ్గించి అమ్మేస్తారు, రూల్ పాటించినోడే అప్పులపాలవుతున్నాడు, ఇదెక్కడి న్యాయమండీ? ఆ చెరువుల నీళ్ళు డ్రెయిన్‌లోకి వదిలితే ఊరంతా కంపు, అందులో దిగిన పిల్లలకి ఒళ్ళంతా దద్దుర్లు.

2018లో చేపలు పాడవకుండా ఫార్మలిన్ అనే రసాయనం కలుపుతున్నారన్న గొడవప్పుడు అస్సాం మన చేపల్ని కొన్నాళ్ళు ఆపేసింది. తప్పు ఎవరిదైనా దెబ్బ అందరికీ తగిలింది. మళ్ళీ అలాంటిది వస్తే మేం తట్టుకోలేం.

దయచేసి రాత్రిపూట చెక్‌పోస్టుల్లో ఆ బళ్ళు పట్టుకోండి, దొరికిన చెరువుల లైసెన్సు రద్దు చేయండి, డ్రెయిన్ నీళ్ళు టెస్ట్ చేయించి ఆ రిపోర్టు పంచాయతీ ఆఫీసులో అంటించండి. ఈసారి చేపలు పట్టే సీజన్ లోపే చేయండి సార్.

ఇట్లు,
ఒక చేపల రైతు