దుకాణం తెరవకముందే కరిగిపోతున్న పెట్టుబడి

సంపాదకుడు గారికి,

బెంగళూరులో ఉద్యోగం మానేసి సొంత వ్యాపారం పెట్టుకున్న తెలుగువారి విజయగాథలు మీ పేజీల్లో తరచూ చదువుతున్నాను. సంతోషమే. కానీ ఖర్చు విషయానికి వచ్చేసరికి "ఐదు లక్షల పెట్టుబడితో మొదలుపెట్టారు" అన్న ఒక్క మాటతో సరిపెడుతున్నారు. మారతహళ్లి వైపు చిన్నాచితకా దుకాణాలకు పద్దులు రాసే పని నాది. ఆ ఐదు లక్షలు ఏ దారిన పోతాయో కళ్లారా చూస్తున్నాను కాబట్టి ఈ ఉత్తరం.

కర్రీ పాయింట్ పెడదామని కదిరి నుంచి వచ్చిన ఒక జంట ఈ మధ్య తమ అంచనా కాగితం నా ముందు పెట్టారు. మూడు బర్నర్ల పొయ్యి, గ్రైండర్, సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్, స్టీలు గిన్నెలు, కౌంటరు బల్ల. ఒక్కోదానికి రెండు మూడు షాపుల్లో ధర కనుక్కుని, తక్కువున్న చోట టిక్ పెట్టుకున్నారు. ఎంత శ్రద్ధగా రాశారో! దుకాణం అద్దెకు కట్టే అడ్వాన్సు దగ్గర మాత్రం అంకె లేదు. "ఊళ్లో మాదిరి రెండు మూడు నెలలదిస్తే చాలు కదన్నా" అన్నాడు ఆ అబ్బాయి.

ఇక్కడ పది నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. అద్దె 30 వేలనుకుంటే అడ్వాన్సే 3 లక్షలు. బ్రోకరుకు ఒక నెల, మొదటి నెల అద్దె కలిపితే 3 లక్షల 60 వేలు. ఇంకా పొయ్యి వెలగలేదు. చిన్న వ్యాపారులకు ఇచ్చే ముద్ర శిశు రుణం గరిష్ఠంగా 50 వేలు. ఈ అద్దెకు అది రెండు నెలల అడ్వాన్సుకు కూడా చాలదు. పోనీ అడ్వాన్సు తిరిగొచ్చే డబ్బే కదా అంటే, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అనీ రిపేర్లనీ అందులో కోత పడుతుంది. ఆ డబ్బు వడ్డీకి తెచ్చిందైతే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

జీఎస్టీ సంగతి ఇంకా తక్కువ మందికి తెలుసు. యజమానికి జీఎస్టీ నంబరుంటే దుకాణం అద్దె మీద 18 శాతం పడుతుంది. 30 వేలకు నెలకు 5,400. సాధారణ హోటళ్లు 5 శాతం పన్ను కడతాయి గానీ, అద్దె మీద కట్టింది అందులో తగ్గించుకునే వీలు లేదు. అది పూర్తిగా చేతి ఖర్చే. ఇక హోటల్ వ్యాపారంలో ఏడాది అమ్మకాలు 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అంటే రోజుకు 5,500 అమ్మితే చాలు, దాటినట్టే. 2025 జూలైలో యూపీఐ లెక్కలు చూసి, అమ్మకాలు ఆ పరిమితి దాటాయంటూ వాణిజ్య పన్నుల శాఖ నోటీసులు పంపినప్పుడు ఈ నగరంలో చిన్న వ్యాపారులు ఎంత టెన్షన్ పడ్డారో, ఎన్ని చోట్ల "క్యాష్ ఓన్లీ" అని రాసిపెట్టారో అందరం చూశాం.

దుకాణం పేరు బోర్డు సంగతీ అంతే. 60 శాతం కన్నడ ఉండాలన్న నిబంధన తెలియక తెలుగు, ఇంగ్లీషుల్లో చేయించుకుని, మళ్లీ డబ్బు పెట్టి మార్పించుకున్నవాళ్లున్నారు.

నా అనుభవంలో వంట బాగాలేక మూతపడ్డ మెస్‌లు తక్కువ. గిరాకీ కుదురుకునే లోపే చేతిలో డబ్బు అయిపోయి మూసేసినవే ఎక్కువ. అద్దె, ఇద్దరు పనివాళ్ల జీతాలు, గ్యాసు, కరెంటు కలిపి నెలకు 80 వేలనుకుందాం. నాలుగు నెలలకు 3 లక్షల 20 వేలు పక్కన ఉండాలి. ఆ అంకె ఏ అంచనా కాగితంలోనూ నాకు కనబడదు. మూడో నెలకల్లా ఇంట్లో బంగారం తాకట్టుకు వెళుతుంది.

ఇది వ్యాపారికి లెక్క రాకపోవడం వల్ల మాత్రమే వచ్చిన కష్టం కాదు. ముందుగా తెలుసుకుందామన్నా చెప్పేవాళ్లు లేరు. చిన్న వ్యాపారాలను నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం పైసా తీసుకోదు. అయినా దానికీ వేలు వసూలు చేసే మధ్యవర్తులున్నారు. 2025 సెప్టెంబరు నుంచి బెంగళూరుకు ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కదా. ట్రేడ్ లైసెన్సుకు ఎంత, ఫుడ్ లైసెన్సుకు ఎంత, కరెంటు డిపాజిట్ ఎంత, ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నది ప్రతి వార్డు ఆఫీసులో ఒకే బోర్డు మీద రాసి పెట్టొచ్చు. అడ్వాన్సుకైతే చట్టమే కావాలి. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం దుకాణాలకు ఆరు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదంది. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది. కర్ణాటక ప్రభుత్వం ఆ పని చేయాలి. చిన్న దుకాణాలకు ఇంకా తగ్గించినా న్యాయమే.

మీ పత్రికకూ ఒక విన్నపం. ఈసారి విజయగాథ వేసేటప్పుడు అడ్వాన్సు ఎంత కట్టారు, బోణీకి ముందే ఎంత ఖర్చయింది, మొదటి ఆరు నెలలు ఇల్లు ఎలా గడిచింది అని వాళ్లనడిగి, ఆ అంకెలు కూడా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు