టెండరు ముందా, జోను ముందా?

సంపాదకులకు,

మౌలాలి, చిలకలగూడల్లో రైల్వే స్థలాలు దీర్ఘకాలం లీజుకిస్తామని రైల్వే భూముల అభివృద్ధి సంస్థ ఆర్‌ఎల్‌డీఏ టెండర్లు పిలిచినప్పటి నుంచీ నన్ను తొలిచేస్తున్న ప్రశ్న ఒకటే. అక్కడ ఏం కట్టొచ్చో ముందు తేల్చి ఆ తర్వాత పాట పెడతారా, లేక ఎక్కువ పాడినవాడు ఏది కడతానంటే దాన్ని బట్టి జోను, అంటే ఆ స్థలం ఏ వాడకానికన్న వర్గం, మారుతుందా?

1989 రైల్వే చట్టంలో 11వ సెక్షన్ ఉంది. పట్టాలు, వంతెనలు, స్టేషన్లు కట్టుకోవడానికి వేరే చట్టాలు అడ్డం రాకుండా ఇచ్చిన వెసులుబాటు అది. సరే, రైలు నడవాలంటే ఉండాల్సిందే. కానీ 2005 సవరణలో అదే సెక్షన్‌లోకి రైల్వే భూమిని వాణిజ్యానికి అభివృద్ధి చేయడాన్ని కూడా చేర్చారు, ఆర్‌ఎల్‌డీఏ పుట్టిందీ ఆ సవరణతోనే. అంటే వంతెనకిచ్చిన మినహాయింపు మాల్‌కీ వర్తిస్తుందని వాదించడానికి దారి దొరికింది. మేము మేడ మీద ఒక్క గది వేసుకుంటే టేపు పట్టుకుని వచ్చే మున్సిపాలిటీవాళ్లు అక్కడికీ వెళ్తారో లేదో ఎవరైనా చెప్పాలి.

పైగా 2006లో భవన నిర్మాణ నిబంధనల జీవో 86 వచ్చాక హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ (స్థలానికి ఎన్ని రెట్ల విస్తీర్ణం కట్టొచ్చన్న లెక్క) పరిమితి పోయింది, ఎత్తుకి రోడ్డు వెడల్పు, చుట్టూ ఖాళీగా వదిలే సెట్‌బ్యాకులే లెక్క. రైల్వే యార్డు పక్కన బతికేవాళ్లకి తెలుసు, పట్టాల మధ్య స్థలానికి దారులు ఒకటో రెండో ఉంటాయి, అవీ వంతెన కింద నుంచి, గట్టి వాన పడితే నీళ్లు నిలిచే చోటు నుంచి. మ్యాపులో ముందు రోడ్డు ఎంత వెడల్పుంటే ఏం లాభం? ఇక డీజిలు, గ్రీజు ఏళ్ల తరబడి ఇంకిన మట్టిలో పిల్లల పార్కు పెట్టేముందు దాన్ని పరీక్ష చేయించాలన్న మాటే ఎక్కడా వినపడదు.

లండన్ కింగ్స్ క్రాస్‌లో పాత గూడ్స్ యార్డు 67 ఎకరాలు. ఏళ్లపాటు స్థానికులతో మాట్లాడాక, ఏ వాడకానికి గరిష్ఠంగా ఎంత విస్తీర్ణమో రాసుకుని 2006లో అక్కడి స్థానిక పాలక సంస్థ కామ్డెన్ కౌన్సిల్ అనుమతిచ్చింది. 1850ల నాటి ధాన్యం గోదాములో ఇప్పుడు ఆర్ట్ కాలేజీ నడుస్తోంది. అలాగని అంతా బాగుందని కాదు. తక్కువ ధర ఇళ్ల సంఖ్య తర్వాత తగ్గించారు, జనం తిరిగే చౌకులు ప్రైవేటువాళ్ల చేతిలో ఉన్నాయి, అక్కడ ముఖాలు గుర్తుపట్టే కెమెరాలు వాడారని 2019లో పెద్ద గొడవైంది. అంత రాసుకున్నచోటే అలా ఉంటే, మన దగ్గర రాసుకున్నదేంటి?

మాస్టర్ ప్లాన్‌లో ఆ స్థలం ఏ రంగులో (అంటే ఏ వాడకం కింద) ఉంది, మారుస్తారా, అభ్యంతరాలకు ఎన్ని రోజులిస్తారు అన్నది టెండరు నోటీసుతో పాటే, తెలుగులో వేయించండి. మా కాలనీలో కొందరు అక్కడ ఫ్లాటు ఎంత పడుతుందని అప్పుడే అడుగుతున్నారు. అభ్యంతరం కాగితం ఎక్కడ ఇవ్వాలో మాత్రం ఎవరినడిగినా తెలియదంటున్నారు.

– ఒక పాఠకుడు, మౌలాలి