రాత్రి పెట్టిన రెండర్ పొద్దుటికి పూర్తవ్వాలంటే

ఎడిటర్ గారికి నమస్కారం.

ముహూర్తాలు మొదలయ్యాయంటే విజయనగరమైనా, బొబ్బిలైనా, అటు పలాస అయినా వీడియో మిక్సింగ్ గదుల్లో వినపడే గోల ఒక్కటే, రెండర్ (ఎడిట్ చేసిన ముక్కలన్నిటినీ కంప్యూటర్ కలిపి పూర్తి వీడియో ఫైల్‌గా తయారుచేయడం) మధ్యలో ఆగిపోయిందని. పెళ్లివారు ఫోన్ చేసి ‘ఏటి బాబూ, ఇంకా అవ్వలేదేటి?’ అంటారు, ‘కరెంటు పోనాదండి’ అని ఇటునుంచి జవాబు వెళ్తుంది, ఒక్కోసారి అది నిజం కూడా. ఆ తర్వాత మనవాళ్లు చేసే పని ఏమిటంటే అప్పోసప్పో చేసి కొత్త గ్రాఫిక్స్ కార్డు తెచ్చి బిగించడం. కార్డు మారిస్తే వేగం పెరగొచ్చు, కాదనను. కానీ ఆగిపోయే రెండర్‌కి అది మందు కాదు. పైగా పెద్ద కార్డు కరెంటు ఎక్కువ లాగుతుంది, వేడీ ఎక్కువే పుట్టిస్తుంది, అప్పటిదాకా ఎలాగో నెట్టుకొచ్చిన పాత ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి భాగాలకి కరెంటు అందించే పెట్టె), యూపీఎస్ రెండూ ఆ బరువుకి చేతులెత్తేస్తాయి. అంత డబ్బు పెట్టే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, మన కుర్రాళ్లు చాలామంది మీ పేపర్ చదువుతారు కాబట్టి రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు వేడి. ఎడిటింగ్ చేస్తున్నంతసేపూ కంప్యూటర్‌కి మధ్యమధ్యలో కాస్త తెరిపి ఉంటుంది, మనం క్లిప్ వెతుక్కుంటాం, టీ తాగుతాం. రెండర్ పెట్టాక అలా కాదు, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు గంటల తరబడి ఫుల్ లోడ్ మీద ఉంటాయి. ప్రాసెసర్ 95, 100 డిగ్రీల దగ్గరికి వెళ్లిందంటే తనను తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ చల్లబడకపోతే సిస్టమ్ ఆఫ్ అయిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన రేకుల షెడ్డు గదుల్లో జరుగుతున్నది చాలావరకు ఇదే. ఈ మధ్య ఒక స్టూడియో కుర్రాడు సీపీయూ తెచ్చి ‘కార్డు పోయిందన్నా, చూడు’ అన్నాడు. తెరిస్తే పైన ఫ్యాన్ బాగానే తిరుగుతోంది. ఫ్యాన్ విప్పితే దాని కింద ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము నల్లటి దూదిలా అతుక్కుని ఉంది, స్క్రూడ్రైవర్ మొనతో లాగితే ఒక్క పొరగా ఊడొచ్చింది. బల్ల పక్కనే దేవుడి పటం, రోజూ అగరొత్తులు, ఆ పొగ జిడ్డుకి దుమ్ము గట్టిగా పట్టేసింది. కార్డుకి ఏమీ కాలేదు. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, గాలికి అడ్డదిడ్డంగా తిరగనివ్వద్దు. ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ పాతదై ఎండి సున్నంలా అయిపోతే తుడిచేసి కొత్తది బఠాణీ గింజంత పెడితే చాలు. సీపీయూని గోడకి ఆనించి, మీద గుడ్డ కప్పి రెండర్ పెట్టేవాళ్లని కూడా చూశాను. ల్యాప్‌టాప్ అయితే పరుపు మీద వద్దు, చార్జర్ తీసి అసలే వద్దు, బ్యాటరీ మీద చాలా ల్యాప్‌టాప్‌లు పూర్తి వేగంతో పనిచేయవు.

రెండోది విండోస్ చేసే అల్లరి. రాత్రి రెండర్ పెట్టి పడుకుంటాం, పొద్దున లేచి చూస్తే కంప్యూటర్ లాగిన్ పేజీ దగ్గర అమాయకంగా కూర్చుని ఉంటుంది. దొంగ దొరకడు, ఎందుకంటే అది అప్‌డేట్. యాక్టివ్ అవర్స్ అని ఒక సెట్టింగ్ ఉంది, ఆ వేళల్లో విండోస్ తనంతట తాను రీస్టార్ట్ అవదు. పాత విండోస్ 10లో అవి మనం మార్చకపోతే పొద్దున 8 నుంచి సాయంత్రం 5 వరకే, అంటే ఆఫీసు ఉద్యోగుల లెక్క. మన రెండర్లు నడిచేది సరిగ్గా మిగతా టైములో. దాన్ని గరిష్ఠంగా 18 గంటల వరకు పెంచుకోవచ్చు, పెద్ద పని ఉన్న వారం అప్‌డేట్లని పాజ్ చేసుకుంటే ఇంకా నిశ్చింత. పని అయ్యాక మాత్రం అప్‌డేట్ వేసేయండి, ఏళ్ల తరబడి ఆపేయమని నేను చెప్పడం లేదు. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ దగ్గర ‘నెవర్’ పెట్టాలి, స్క్రీన్ ఆఫ్ అయినా నష్టం లేదు.

హార్డ్ డిస్క్ సంగతి కొంతే చెబుతాను. సాఫ్ట్‌వేర్లు పని మధ్యలో తాత్కాలికంగా దాచుకునే క్యాషే ఫైళ్లన్నీ మనం మార్చకపోతే సాధారణంగా సి డ్రైవ్‌లోనే పోగవుతాయి, అది నిండితే రెండర్ ఏదో అర్థంకాని ఎర్రర్ చూపించి ఆగుతుంది. క్యాషేని వేరే డ్రైవ్‌కి మార్చండి. పెళ్లివారు ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లోకి నేరుగా ఎప్పుడూ రెండర్ పెట్టకండి, అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ అందులో పట్టదు.

ఎంపీ4 ఫైల్‌తో ఇంకో చిక్కుంది. వీడియోలో ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే పట్టికని సాఫ్ట్‌వేర్ మామూలుగా ఫైల్ చివర్లో రాస్తుంది. అందుకే 99 శాతం దగ్గర కరెంటు పోయినా ఆ ఫైల్ తెరుచుకోదు, రాత్రంతా చేసిన పని బూడిదలో పోసిన పన్నీరే. నేను మూడు గంటల పెళ్లిని ఒకే ముక్కగా రెండర్ పెట్టను. స్నాతకం ఒకటి, జీలకర్ర బెల్లం ఒకటి, తలంబ్రాలు, అప్పగింతలు, ఇలా విడివిడిగా ఒకే సెట్టింగ్‌తో క్యూలో పెట్టి, చివర్లో మళ్లీ రెండర్ చేయకుండా అతికించేస్తాను. పోతే ఒక ముక్క పోతుంది. బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో యానిమేషన్ నేర్చుకుంటున్న కాలేజీ పిల్లలు నేరుగా వీడియోగా కాకుండా ఫ్రేమ్‌కి ఒకటి చొప్పున పీఎన్‌జీ బొమ్మలుగా రెండర్ చేసుకోవాలి, ఎక్కడ ఆగితే ఆ ఫ్రేమ్ నుంచే మళ్లీ మొదలుపెట్టొచ్చు.

ఇక కరెంటు. 600 వీఏ యూపీఎస్ అంటే 600 వాట్లు అనుకుంటారు, చాలా మోడళ్లలో అది 360 వాట్లే. మంచి కార్డు ఉన్న సిస్టమ్ రెండర్‌లో ఉన్నప్పుడు అంతకంటే ఎక్కువ లాగితే, కరెంటు పోగానే యూపీఎస్ ఒక్క కూత కూసి తనూ పోతుంది. మామూలుగా ఉన్నప్పుడు పరీక్షిస్తే ఇది బయటపడదు. పోయినా పర్లేదనుకునే చిన్న రెండర్ ఒకటి పెట్టి, అది నడుస్తుండగా గోడ దగ్గర స్విచ్ ఆపి చూడండి, అప్పుడు తెలుస్తుంది అసలు రంగు. ఇంటి ఇన్వర్టర్‌కే కలిపినవాళ్లు దాని మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూసుకోవాలి, మామూలు మోడ్‌లో మారడానికి పట్టే ఆ కాస్త వ్యవధికే కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోవచ్చు. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ చూసినవాళ్లం, రోజుల తరబడి చీకట్లో ఉన్నవాళ్లం, అలాంటప్పుడు ఏ యూపీఎస్సూ ఆదుకోదని మనకి తెలుసు. ఇది కాసేపు పోయి వచ్చే కరెంటుకి, లేదా పని సేవ్ చేసుకుని పద్ధతిగా ఆఫ్ చేసుకోడానికి.

ఇంత రాసింది మిమ్మల్ని ఒకటి అడగడానికే. లైన్ల మరమ్మతులకి, చెట్ల కొమ్మలు కొట్టడానికి సరఫరా ఆపే ఊళ్ల జాబితా మీ జిల్లా పేజీలో ‘నేడు’ అని అదే రోజు పొద్దున వేస్తున్నారు, అదీ ఏ మూలో చిన్న అక్షరాల్లో. కోతేమో చాలాసార్లు పొద్దున ఎనిమిది, తొమ్మిదికే మొదలవుతుంది, ముందురోజు సాయంత్రం మేం పెట్టిన రెండర్ పేపర్ వచ్చే వేళకి సగంలో ఉంటుంది. సమాచారం మీకు ముందురోజే అందుతుంటే ‘రేపు’ అని వేయండి, ఫీడర్ (ఆ ప్రాంతానికి కరెంటు వచ్చే లైను) పేరు, టైము, వీధుల పేర్లతో సహా. పిండిమిల్లు వాళ్లకీ, జిరాక్స్ షాపుల వాళ్లకీ కూడా అది పనికొస్తుంది.

ఇట్లు,
ఒక పెళ్లి వీడియోల ఎడిటర్,
విజయనగరం.