పాలు పితికి, ఆవును రోడ్డు మీదికి తోలేయడమా?

సంపాదకుడు గారికి,

హైదరాబాద్ రోడ్లపై తిరిగే ఆవుల గురించి రాసేటప్పుడు వాటిని “దిక్కులేని పశువులు” అనడం అలవాటైపోయింది. అల్వాల్‌లోని మా పెరట్లో ఇరవై ఏళ్లుగా ఒక ఆవును కట్టేసి సాకుతున్న నాకు ఆ మాట మింగుడుపడదు. మా పేటలో డివైడర్ పక్కన రోజూ పడుకునే నాలుగు ఆవులు పొద్దు వాలే సరికి పొదుగులు బిగిసి, ఎవరూ అదిలించకుండానే తమ తమ ఇళ్ల దారి పడతాయి. వాటికి యజమానులున్నారు, తెల్లవారుజామున పాలు పితుక్కుని, మేత ఖర్చు మిగుల్చుకోవడానికి తలుగు విప్పేసేవారు వారే.

ఇది ట్రాఫిక్‌కు మాత్రమే సంబంధించిన సమస్య కాదు. పొదుగు కడిగి, దూడను కాసేపు కుడవనిచ్చి, ఆవు చేపిన (పాలు పొదుగులోకి దిగిన) తర్వాత మొదటి రెండు ధారలు విడిగా పిండి, వాటిలో పొదుగువాపుకు గుర్తయిన పలుకులున్నాయేమో చూసుకోవడం మా ఇంట్లో మా అమ్మ నాటి నుంచీ ఉన్న పద్ధతి. పితకడం పూర్తయ్యాక చన్నుల రంధ్రాలు దాదాపు అరగంట వరకు పూర్తిగా మూసుకోవు కాబట్టి, ఆవు నేల మీద పడుకోకుండా ఆ సమయంలోనే గాడిలో పచ్చిజొన్న వేసి నిలబెడతాము. సరిగ్గా ఆ అరగంటలోనే వీధిలోకి తోలిన ఆవు మురుగు పక్కన కూలబడితే, తెరిచి ఉన్న ఆ రంధ్రాల గుండా క్రిములు చేరి పొదుగువాపు రాక ఏమవుతుంది? పైగా చెత్తకుప్పలో అన్నం మూటను నాలుకతో చుట్టి లాక్కునే ఆవు పాలిథిన్ సంచిని వేరు చేయలేదు. మింగిన సంచి అరగదు, కడుపులోనే ఉండలు కడుతుంది. అలాంటి ఆవు పాలను ఎవరి పిల్లలు తాగుతున్నారో ఆ యజమానులకు పట్టదు.

పట్టుకున్న ఆవును ఊరవతల గోశాలకు తరలించినంత మాత్రాన యజమానికి బుద్ధి రాదు, అతడు ఇంకో ఆవును కొంటాడు. 2019లో దేశవ్యాప్తంగా మొదలైన గాలికుంటు (పశువుల నోటికి, గిట్టలకు పుండ్లు పడే వ్యాధి) నివారణ కార్యక్రమంలో టీకా వేసిన పశువు చెవికి 12 అంకెల బిళ్ల తగిలిస్తున్నారు. యజమాని వివరాలు ఆ నంబరు కిందే నమోదవుతాయి. దాన్ని చూసి జరిమానా నోటీసు నేరుగా ఇంటికే పంపవచ్చు, బిళ్ల లేని ఆవును బందెలదొడ్డిలో ఉంచి, యజమాని వచ్చి రుసుము కట్టాకే విడిచిపెట్టవచ్చు. బందెలదొడ్డి 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం నుంచీ ఉన్న ఏర్పాటే, కొత్తగా కనిపెట్టవలసిందేమీ లేదు.

అయితే కట్టేసి సాకేవారి ఇబ్బందిని కూడా చూడాలి. ఒక్క ఆవు రోజుకు పది, పదిహేను కిలోల పేడ వేస్తుంది. మా వీధి చెత్త బండివారు దాన్ని ముట్టుకోరు, పిడకలు కొడదామంటే పక్కింటి గోడ తప్ప ఎండ తగిలే చోటు లేదు. దాంతో కొందరు రాత్రిపూట మురుగుకాలువలోకి కడిగేస్తున్నారు, తొలి వానకే అది పూడుకుపోతోంది. ఒకటి రెండు ఆవులున్న ఇళ్లను నమోదు చేసుకుని, పేడ కోసం వారానికి రెండుసార్లు వేరే బండి పంపి, దాన్ని నర్సరీలకో ఎరువు తయారీకో మళ్లించాలని నగర పాలక యంత్రాంగాన్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అందుకు నెలనెలా రుసుము కట్టమంటే నేను మొదట కడతాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
అల్వాల్, హైదరాబాద్