డైమండ్ మెంబరైన మా అమ్మాయికి

హైదరాబాద్,
నవంబర్ 2023

చిరంజీవి సౌభాగ్యవతి శిరీషకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అమ్మకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. కార్తీక సోమవారం ఉపవాసాలు మాత్రం తగ్గలేదు, చెప్పినా వినదు.

"మా దెబ్బకి డెల్టా ఎయిర్‌లైన్స్ దిగొచ్చింది నాన్నా!" అని మొన్న ఫోన్లో ఎంత సంబరంగా చెప్పావో. నేను ఏదో అనబోయేలోగా నీకు బోర్డింగ్ పిలిచారు. ఆ అనబోయిందే ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో అంకెలు చాలా ఉన్నాయి, ఎదురుగా కాగితం లేకపోతే అంకెల దగ్గర నాకు బుర్ర పనిచేయదు. ఏజీ ఆఫీసులో ఆడిట్ చేసిన అలవాటు రిటైరైనా పోలేదు.

ముందు ఆ దిగిరావడం సంగతి చూద్దాం. డెల్టాలో మాటిమాటికీ తిరిగేవాళ్ళకి ఇచ్చే హోదాల్లో పైది నీ డైమండ్, దానికి ఏడాదిలో కావలసిన ఖర్చు 2022లో 15,000 డాలర్లు. ఈ ఏడాదికి దాన్ని 20,000 చేశారు. దానితో పాటు ఎగిరిన దూరం లెక్క కూడా ఉండేది. మొన్న సెప్టెంబర్‌లో, జనవరి నుంచి దూరం లెక్క ఎత్తేస్తున్నాం, ఇక డాలర్లే, అవీ 35,000 అన్నారు. మీరంతా గోల చేశారు. డెల్టా పేరు మీద తీసుకున్న క్రెడిట్ కార్డులు రద్దు చేసుకుంటామన్నారు. రెండు వారాలు తిరక్కుండానే సీఈఓ ఎడ్ బాస్టియన్ అట్లాంటా రోటరీ క్లబ్‌లో మాట్లాడుతూ బహుశా మరీ ఎక్కువ చేశామని ఒప్పుకున్నారు. అక్టోబర్ 18న 28,000కి తగ్గించారు.

జనరల్ బజార్‌లో మీ అమ్మ చీర బేరమాడటం చిన్నప్పుడు చూశావుగా. కొట్టువాడు ముందు ఆకాశమంత ధర చెప్తాడు, లేచి వెళ్ళిపోతుంటే వెనక్కి పిలిచి తగ్గిస్తాడు, అమ్మ గెలిచానని నవ్వుతుంది. తేడా ఏంటంటే అమ్మకి చీర అసలు ధర తెలీదు. నీకు తెలుసు. నిన్నటి దాకా 20,000 ఉండేది. ఇరవై నుంచి ఇరవై ఎనిమిదికి అంటే నలభై శాతం పెంపు. కింది హోదాలూ అంతే: సిల్వర్ 3,000 ఉండేది, 6,000 అని 5,000 దగ్గర ఆగారు. గోల్డ్ 8,000 నుంచి 10,000 అయింది. ప్లాటినం 12,000 నుంచి 15,000. సెప్టెంబర్‌లోనే నేరుగా ఈ అంకెలు చెప్పి ఉంటే మీరు ఇంతే గొడవ చేసేవాళ్ళు. ఇప్పుడు థాంక్స్ చెప్తున్నారు.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. దూరం లెక్క పోయింది కాబట్టి ఖరీదైన టిక్కెట్లు కొని తక్కువ తిరిగే వాళ్ళకి ఇది నిజంగానే తేలిక. ఏడాదికి లక్షా పాతిక వేల మైళ్ళు తిరగనక్కర్లేదు. చౌక టిక్కెట్లతో దేశమంతా తిరిగి హోదా సంపాదించిన వాళ్ళే దెబ్బతిన్నారు. డిసెంబర్‌లో హోదా కోసమే ఎక్కడికో వెళ్ళి, విమానాశ్రయం గడప దాటకుండా తిరిగొచ్చే మీ స్నేహితుల సంగతి నువ్వే చెప్పావు. ఆ మైలేజ్ రన్‌లకి ఇక అర్థం లేదు. ఆ ఒక్కదానికీ నేను విచారించను.

నీ కోపం మాత్రం నాకు అర్థమవుతుంది, అది డబ్బు గురించి కాదని కూడా. సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి లేచి, నిద్రపోతున్న చింటూ దుప్పటి సర్ది, క్యాబ్ ఎక్కి క్లయింటు ఊరు వెళ్ళి, గురువారం రాత్రి తిరిగొచ్చే మనిషివి. నువ్వు ఆ విమానం ఎక్కినట్టు మీ కంపెనీలో ఎవరికీ పట్టదు. మూడో వరుసలో సీటు చూపించి, పేరుతో పిలిచి, "డైమండ్ మెంబర్‌గా మాతో ప్రయాణిస్తున్నందుకు కృతజ్ఞతలు" అనే మనిషి అక్కడ ఒకరు ఉన్నారు. అది వ్యాపారం కోసం నేర్పించిన మాటే అనుకో, అయినా ఎవరూ ఏమీ అనని చోట అది పెద్ద మాటే. విమానాశ్రయంలో డెల్టా వాళ్ళ లాంజ్, ఆ స్కై క్లబ్ అంటే నాకు తెలిసింది వీడియో కాల్‌లో నీ వెనక కనబడే సూప్ గిన్నెలే. అక్కడ కూర్చునే చింటూకి హోంవర్క్ చేయిస్తావు. 2025 ఫిబ్రవరి నుంచి నీ డెల్టా రిజర్వ్ క్రెడిట్ కార్డు మీద ఆ గదిలోకి ఏడాదికి 15 సార్లే రానిస్తారట, మొదట 10 అన్నారట. ఈ ఏడాది 550 డాలర్ల ఫీజు కట్టిన కార్డు అది. కార్డు మీద 75,000 డాలర్లు ఖర్చు పెడితే ఎన్నిసార్లయినా రావచ్చంటున్నారు. రద్దీ ఎక్కువైందన్నది నిజమే కావచ్చు. కోవిడ్‌లో అందరి హోదాలూ పొడిగించారు, ఇబ్బడిముబ్బడిగా కార్డులు అంటగట్టారు, ఇప్పుడు లాంజ్ బయట క్యూలు. క్యూ ఎవరు పెంచారో వాళ్ళే నిన్ను తప్పుకోమంటున్నారు. పది లక్షల మైళ్ళు ఎగిరిన పెద్దమనుషులకి జీవితాంతం ఇచ్చింది ఉత్త సిల్వర్. ఈ గొడవ అయ్యాకే దాన్ని గోల్డ్ చేశారు.

అయితే ఇందులో అసలు ఖాతాదారు ఎవరనేది నువ్వు చూడటం లేదు. డెల్టా వార్షిక నివేదికలు ఇంటర్నెట్‌లో ఉంటాయి, తీసి చదివాను. (నవ్వకు. మీ అమ్మ సీరియల్ చూస్తున్నంత సేపు నేనేం చేయాలి?) 2022లో నీ కార్డు ఇచ్చిన బ్యాంకు, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ వాళ్ళు డెల్టాకి ఇచ్చింది సుమారు 550 కోట్ల డాలర్లు. ఆ ఏడాది కంపెనీ మొత్తం నికర లాభం 130 కోట్ల చిల్లర. డెల్టా మైళ్ళని, అంటే టిక్కెట్లకి మార్చుకునే పాయింట్లని, టోకున బ్యాంకుకి అమ్ముతుంది, బ్యాంకు వాటిని కార్డు వాడేవాళ్ళకి పంచుతుంది. 2020లో విమానాలన్నీ రన్‌వేల మీద నిలబెట్టి ఉన్నప్పుడు డెల్టా ఈ మైళ్ళ పథకాన్నే, దాని పేరు స్కైమైల్స్, తాకట్టు పెట్టి 900 కోట్ల డాలర్ల అప్పు తెచ్చింది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన పథకం విలువ దాదాపు 2,200 కోట్ల డాలర్లని లెక్క చూపించి అప్పు తెచ్చుకుంది. విమానం ఎగరకపోయినా చెల్లే ఆస్తి అది. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ దీన్ని మొదలుపెట్టినప్పుడు ఉద్దేశం వేరు. 1978లో ఛార్జీల మీద ప్రభుత్వ నియంత్రణ తీసేశాక, మాటిమాటికీ ఎక్కే ప్రయాణికుడు పక్క విమానం ఎక్కకుండా చూసుకోవాలి, అంతే. ఇప్పుడు వాళ్ళకి కావలసింది నువ్వు ఎగరడం కాదు, కార్డు గీకడం. అందుకే కొత్త లెక్కలో రిజర్వ్ కార్డు మీద 10 డాలర్లు ఖర్చు పెడితే హోదా లెక్కలో ఒక డాలర్ వేస్తామన్నారు.

అల్లుడుగారు ఇంటి ఖర్చంతా ఈ కార్డు మీదకి మార్చేద్దామంటున్నారని చెప్పావు. కార్డు ఉన్నందుకు ముందే 2,500 ఇస్తారట కదా, 28,000లో అది తీసేస్తే 25,500 మిగులుతుంది. కార్డుతోనే అది పూడ్చాలంటే 2,55,000 డాలర్లు గీకాలి. పచారీ సామాన్లకీ పెట్రోలుకీ అంత ఎక్కదని ఆయనకి నా మాటగా చెప్పు, కొంచెం మర్యాదగానే చెప్పు.

ఇంకోటి. అలాస్కా, జెట్‌బ్లూ విమాన కంపెనీల వాళ్ళు మీ హోదా చూపిస్తే తమ హోదా ఇస్తామన్నారనీ, అటు పోతాననీ అన్నావు. అలాస్కాలో ఇప్పటికీ ఎగిరిన దూరమే లెక్క, మంచిదే. కానీ నువ్వుండేది అట్లాంటాలో. అది డెల్టా సొంత ఊరు. నీ సోమవారం క్లయింటు ఊరికి నేరుగా వెళ్ళేది వాళ్ళదే. అలాస్కా వాళ్ళ ఊరు సియాటెల్ మీదుగా తిరిగి వెళ్ళి ప్రొటెస్ట్ చేస్తావా? ఆ సంగతి డెల్టాకి నీకంటే బాగా తెలుసు. పైగా ఆ టిక్కెట్లు కొనేది క్లయింటు. ఎవరో డబ్బు కడితే మైళ్ళు నీకు వస్తాయి, ఈ పథకం బతికేదే దాని మీద. ఇక్కడ కేంద్ర ప్రభుత్వంలో డ్యూటీ మీద తిరిగితే వచ్చిన మైళ్ళు మళ్ళీ ఆఫీసు ప్రయాణాలకే వాడాలని ఉత్తర్వు ఉంది. మీ దేశంలో ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు కూడా 2002లోనే వీటి జోలికి రామని ప్రకటించారు. కాబట్టి అది నీదే, తప్పులేదు. నీ జేబులోంచి పోనిది కాబట్టి అది తగ్గితే అంత బాధ పడనక్కర్లేదని మాత్రం అంటున్నాను.

ఇప్పుడు మమ్మల్ని డెల్టా బిజినెస్ క్లాసులో పడుకోబెట్టి తీసుకెళ్తానని మైళ్ళు దాస్తున్నావు చూడు, దాని సంగతి. దాచకు. 2015లోనే డెల్టా ఏ ఊరికి ఎన్ని మైళ్ళు అనే పట్టిక తీసేసింది. అంటే రేపు ఎంత అడుగుతారో ఈ రోజు ఎవరూ చెప్పలేరు. మీవాళ్ళు వాటిని, విలువ కరిగిపోయే పెసో నోట్లతో పోల్చి, స్కైపెసోలని ఊరికే అనడం లేదు. నా చేతికి వచ్చే పెన్షన్‌కైనా ఆరు నెలలకోసారి డీఏ పెరుగుతుంది. దాచిన మైలు మీద వడ్డీ లేదు, తరుగే. మన దగ్గర కింగ్‌ఫిషర్ మూతపడ్డప్పుడు దాని పాయింట్లూ దానితోనే పోయాయి. జెట్ ఎయిర్‌వేస్ 2019లో ఆగినప్పుడు పాయింట్ల కంపెనీ విడిగా ఉండబట్టి బతికింది. పాయింట్ల భవిష్యత్తు ఎగిరేవాడి చేతిలో ఉండదు.

పైగా డెల్టా హైదరాబాద్ రాదు. పారిస్ దాకానో ఆమ్‌స్టర్‌డామ్ దాకానో నీ మైళ్ళతో వచ్చినా, అక్కడి నుంచి ముంబయి, ఢిల్లీ పట్టుకుని, మళ్ళీ ఇంకో విమానం మారి శంషాబాద్ చేరాలి. మీ అమ్మ మోకాళ్ళకి రెండు మార్పులంటే మాటలు కావు. మేము దోహా మీదుగా మామూలు సీట్లో, వీల్‌చైర్ పెట్టించుకుని, ఆవకాయ డబ్బాలతో హాయిగా వస్తాం. ఆ మైళ్ళు నువ్వూ అల్లుడుగారూ చింటూ వేసవిలో ఎక్కడికైనా వెళ్ళడానికి వాడండి. వాడి సెలవుల్లోనే, నువ్వు లాప్‌టాప్ తీయని చోటికి.

ఇంతసేపూ చెప్పింది పక్కన పెట్టు, ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది. అట్లాంటాలోనే ఉండి చేసే ఆ కొత్త రోల్ గురించి అడిగితే, "అది తీసుకుంటే డైమండ్ పోతుంది నాన్నా" అని నవ్వావు. జోక్ అని నాకు తెలుసు. ఆడిట్‌లో నవ్వుతూ చెప్పిన జవాబుల దగ్గరే మేము ఇంకో ఫైలు అడిగేవాళ్ళం. ఆ రోల్ తీసుకోమని నేను అనడం లేదు. జీతం తేడా, ప్రమోషన్, క్లయింట్ల దగ్గర నువ్వు సంపాదించుకున్న పేరు, ఇవన్నీ కారణాలే. ఇంట్లో కూర్చుంటే నీకు తోచదన్నది కూడా కారణమే, ఆ విషయంలో నా పోలికే నీది. వద్దనుకుంటే వాటి కోసం వద్దనుకో. ఇష్టమొచ్చినప్పుడు ధర మార్చే కంపెనీ ఇచ్చిన బిరుదు ఆ లెక్కలో ఒక వరుసగా ఉండకూడదు. ఆ వరుస కొట్టేసి మళ్ళీ కూడు. జవాబు అదే వస్తే సరే, నేను ఇక ఎత్తను.

కూడేటప్పుడు ఇంకో పని ఉంది. నీకు పాతవి మిగిలిపోయిన హోదా మైళ్ళు, అంటే ఎగిరిన దూరానికి హోదా లెక్కలో వేసినవి, చాలానే ఉన్నాయన్నావు. అక్టోబర్ మార్పుల్లో వాటికి దారులు ఇచ్చారు: ప్రతి లక్షకీ హోదా ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చు, లేదా పదికి ఒకటి చొప్పున కొత్త డాలర్ల లెక్కలోకి మార్చుకోవచ్చు, లేదా ఒకటికి ఒకటిగా మామూలు మైళ్ళు తీసుకోవచ్చు. సెప్టెంబర్‌లో ఈ చివరి రెండు లెక్కలూ రెండింతలు అధ్వాన్నంగా ఉండేవి, కాబట్టి మీ గోల వల్ల నికరంగా దక్కింది ఇదేనని నా ఉద్దేశం. రోల్ మారితే మైళ్ళు తీసుకో, మారకపోతే ఏడాది పొడిగింపు తీసుకో. డాలర్ల లెక్కలోకి మార్చడం మాత్రం దండగ, అది మళ్ళీ 28,000 వెంట పరిగెత్తించడానికే.

అమ్మ కందిపొడి, నువ్వులపొడి చేసి పెట్టింది, మీ పక్కింటి వాళ్ళ అబ్బాయి సంక్రాంతికి వచ్చి వెళ్ళేటప్పుడు పంపిస్తాం. వాడి లగేజీలో ఎన్ని కిలోలు ఖాళీ ఉంటుందో కనుక్కుని చెప్పు. అల్లుడుగారికి నమస్కారాలు, చింటూకి ముద్దులు. డెల్టా ఎంపిక ఫారం వచ్చినప్పుడు ఏ గడిలో టిక్ పెట్టావో వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టు.

మీ నాన్న